ఫిరౌన్ పాఠంలో ఐదో ప్రశ్న

పోయిన నెలలో ఒక ఆదివారం మా అమ్మాయి దీనియాత్ (ఇస్లాం మతపాఠాల) క్లాసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే "అమ్మా, మా స్కూల్లో ఒక ఫిరౌన్ ఉన్నాడు తెలుసా" అంది. దానికి తొమ్మిదేళ్లు. ఎవరే అని అడిగితే తన వెనక బెంచీలో కూర్చునే అబ్బాయి పేరు చెప్పింది. జడ లాగుతాడట, టిఫిన్ డబ్బా లాక్కుంటాడట, టీచర్ అడిగితే ఎదురు మాట్లాడతాడట. నోటుబుక్కు తెచ్చి చూపించింది. ఆ వారం పాఠం మూసా ప్రవక్త (అలైహిస్సలాం), ఆయనను ఎదిరించిన ఈజిప్టు రాజు ఫిరౌన్. పాఠం కింద ఐదు ప్రశ్నలు. నాలుగింటికి బాగానే రాసింది. ఐదోది: "ఈ కాలంలో ఫిరౌన్ లాంటి వాళ్లు ఎవరు? ఒకరి గురించి రాయండి." దాని కింద ఆ పిల్లాడి పేరు ఇంటిపేరుతో సహా ఉంది. పక్కన ఎర్ర ఇంకుతో టిక్కు.

మా ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ టిక్కు ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతూనే ఉంది.

ఆ క్లాసు చెప్పే ఆపా అంటే నాకు చాలా గౌరవం. మా చిన్నప్పటి బెత్తం, గోడకుర్చీ ఆవిడ దగ్గర లేవు. పిల్లలు ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తారు. చెడ్డవాళ్ల కథలు పిల్లలకు చెప్పొద్దని కూడా నేను అనడం లేదు. చెప్పాలి, గట్టిగానే చెప్పాలి. నా అభ్యంతరం ఆ ఐదో ప్రశ్న మీద. చెడ్డవాడి కథ పిల్లలు తమను తాము చూసుకోవడానికి చెప్పాలి. ఎదుటివాడికి తగిలించే పేరుగా దాన్ని వాళ్ల చేతికిస్తే, అసలు చెప్పకపోవడం కంటే ఎక్కువ నష్టం. నెల రోజులుగా నాతో నేను వాదించుకుంటున్నది దీని గురించే.

అమ్మ పారాలో ఎవరెవరున్నారు

నమాజుకు పనికొస్తాయని మనం పిల్లలకు ముందుగా నేర్పేవి ఖుర్ఆన్ చివరి భాగమైన అమ్మ పారాలోని చివరి చిన్న సూరాలు (అధ్యాయాలు). వాటిలో కనిపించే మనుషులు ఎవరో ఎప్పుడైనా ఆగి చూశారా? లహబ్ సూరాలో ప్రవక్త (స) తండ్రికి సవతి సోదరుడు అబూలహబ్. మాఊన్‌లో అనాథను గెంటేసేవాడు, పదిమంది చూడాలని నమాజు చదివేవాడు, ఇరుగుపొరుగుకు చిన్న వస్తువు ఎరువివ్వడానికి కూడా చెయ్యిరాని వాడు. హుమజాలో ఎత్తిపొడుస్తూ, వెనకాల చాడీలు చెబుతూ, డబ్బు కూడబెట్టి మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకునేవాడు. ఫీల్‌లో ఏనుగులతో కాబా మీదికొచ్చిన దండు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే ముతఫ్ఫిఫీన్: తమకు కొలిపించుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇంకొకరికి కొలిచేటప్పుడు తగ్గించేవాళ్లు. ముస్లిం పిల్ల నోటికి మొదట వచ్చేవాటిలో ఇంతమంది చెడ్డవాళ్లు ఉన్నారు.

అయితే వీళ్లందరిలో పేరున్నది ఒక్క అబూలహబ్‌కే. దండు నడిపిన అబ్రహా పేరు ఆ సూరాలో లేదు. ప్రవక్తను అంతగా వేధించిన అబూజహల్ పేరు ఖుర్ఆన్ మొత్తంలో ఎక్కడా రాదు. ఫిరౌన్ మాట 74 సార్లు వస్తుంది కానీ అది ఈజిప్టు రాజుల బిరుదు, ఏ రాజో చెప్పలేదు. తోబుట్టువును చంపినవాణ్ని మనం ఖాబీలు అంటాం, ఖుర్ఆన్ "ఆదం ఇద్దరు కొడుకులు" అని మాత్రమే అంటుంది. పేరు పక్కన పెట్టి పనిని ముందు పెడితే, ఆ పని చేసే ప్రతి మనిషీ ఆ వాక్యంలోకి వచ్చేస్తాడు. చదువుతున్నవాడు కూడా వస్తాడు.

ఈ సంగతి నాకు చదువు వల్ల తెలియలేదు, మా నాయన వల్ల తెలిసింది. మాది నంద్యాల వైపు ఒక ఊరు. నాయనకు దూది, పరుపుల కొట్టు ఉండేది. చిన్నప్పుడు ఈ సూరాలన్నీ నాకు రాగం తప్పకుండా వచ్చు, అర్థం ఒక్కదానికీ తెలియదు. ఇంటర్‌లో ఉండగా తెలుగు అనువాదం చేతికొచ్చింది. ఒక మధ్యాహ్నం కొట్లో కూర్చుని ముతఫ్ఫిఫీన్ మొదటి ఆయతులు (వాక్యాలు) నాయనకు తెలుగులో చదివి వినిపించాను. మా ఎదురు కొట్టాయన తూకం గురించి ఊరంతా చెప్పుకునేది. నాయన కూడా ఆయన గురించే ఏదో ఒక మాట అంటాడని నేను ఎదురు చూస్తున్నాను. నాయన ఏమీ అనలేదు. లేచి వెళ్లి మా కాటా పళ్లెం కింద చెయ్యి పెట్టి తడిమి చూశాడు. పళ్లేనికి అంటుకున్న దూది దుమ్ము తుడిచాడు. "ఇంకోసారి చదువమ్మా" అన్నాడు.

ముప్ఫై ఏళ్లకు దగ్గరపడుతోంది. చెడ్డవాడి కథ ఎలా వినాలి అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ చెయ్యే.

హుజైఫా అడిగిన ప్రశ్న

ప్రవక్త సహచరుడు హుజైఫా (ర) చెప్పిన మాట బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. జనం ప్రవక్తను మంచి గురించి అడుగుతుంటే నేను చెడు గురించి అడిగేవాణ్ని, అది నన్ను పట్టుకుంటుందేమో అన్న భయంతో, అంటారు. ఆ చివరి ముక్క వదిలేసి, "హుజైఫా చెడు గురించి అడిగారు కాబట్టి మనమూ పిల్లలకు చెడ్డవాళ్ల గురించి చెప్పాలి" అని బయానుల్లో (మత ప్రసంగాల్లో) చెప్పడం చాలాసార్లు విన్నాను. ప్రశ్న అదే, కానీ ఎందుకు అడిగారన్నది ఆ చివరి ముక్కలో ఉంది. ఊళ్లో ఎవరు చెడ్డవాళ్లో తెలుసుకోవడానికి ఆయన అడగలేదు.

కపట విశ్వాసుల పేర్లు ప్రవక్త రహస్యంగా చెప్పింది కూడా ఈ హుజైఫాకే. ఆ తర్వాత ఉమర్ (ర) వచ్చి "వాళ్లలో నా పేరుందా" అని అడిగారని చెబుతారు. సగం ప్రపంచాన్ని గెలుస్తున్న ఖలీఫా అడిగిన ప్రశ్న అది. ఇబ్నె అబీ ములైకా అనే తర్వాతి తరం పండితుడు, తాను ముప్ఫైమంది సహాబీలను (ప్రవక్త సహచరులను) కలిశానని, ప్రతి ఒక్కరూ తనలో కపటం ఉందేమోనని భయపడేవారని చెప్పారు. ఆ జాబితాను ఆ తరం ఇలా వాడుకుంది. మన పిల్లల నోటుబుక్కులో మనం ఇంకెవరి పేరో రాయిస్తున్నాం.

ఆపాతో మాట్లాడినప్పుడు ఆవిడ లుఖ్మాన్ హకీం అనే జ్ఞాని మాట గుర్తు చేసింది. అదబు (మర్యాద) ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే, అదబు లేనివాళ్ల దగ్గర, అన్నాడట. పారశీక కవి షేక్ సాదీ గులిస్తాన్‌లో ఉన్న మాట, ఉర్దూ వచ్చిన ప్రతి ఇంట్లో వినపడేది. నిజమే. కానీ ఆ జవాబులో ఇంకో సగం ఉంది: వాళ్లలో నాకు నచ్చనిది నేను చేయడం మానేశాను, అంటాడు. వాళ్ల పేర్లు మాత్రం చెప్పడు.

నేను ఉదాహరణ అయిన రోజు

ఈ విషయం నాకు ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. మాది నూర్‌బాషా కుటుంబం. దూదేకులోళ్లం అంటే ఊళ్లో తెలుస్తుంది. ఇంట్లో తెలుగే. మా జేజికి ఉర్దూ ముక్క రాదు, పీర్ల పండగ రోజు ఊరందరితో కలిసి నిప్పుల గుండం దగ్గర నిలబడేది. పదేళ్ల వయసులో ఒక వేసవి మా పెద్దమ్మ వాళ్లింట్లో ఉండి, ఆ టౌనులో ఒక మక్తబుకు (ఖుర్ఆన్ నేర్పే బడికి) వెళ్లాను. ఒకరోజు పిల్లలు కల్మా ఒత్తులు తప్పుతుంటే ఉస్తాద్‌కు కోపమొచ్చింది. "ఇట్లాగే చదివితే దూదేకులోళ్ల లెక్క తయారవుతారు, పేరుకు సాయిబులు, లోపల ఏమీ ఉండదు" అన్నాడు. నేను రెండో వరసలో ఉన్నాను. ఆయనకు నేనెవరో తెలియదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వేసవిలో నా ఉచ్చారణ బాగుపడిందో లేదో గుర్తులేదు. మీరు ఎవరమ్మా అని అడిగితే మాట మార్చడం మాత్రం అప్పుడే నేర్చుకున్నాను. చాలా ఏళ్లు పట్టింది అది పోవడానికి. మిగతా పిల్లలు ఆ రోజు ఏం నేర్చుకున్నారా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. తాము దూదేకులోళ్లు కాము కాబట్టి తమ నమాజు బాగానే ఉందని నేర్చుకుని ఉంటారు.

ఇబ్లీసు (షైతాను) కథలో ఉన్నది ఇదే కదా. మొదటి మనిషి ఆదం ముందు వంగమంటే ఒప్పుకోని ఇబ్లీసు అల్లాహ్ లేడనలేదు. "నేను అతని కంటే మేలు, నన్ను నిప్పుతో చేశావు, అతన్ని మట్టితో చేశావు" అన్నాడు. పుట్టుక చూపించి పక్కవాడితో పోల్చుకున్నాడు. ఆదం, హవ్వా కూడా తప్పు చేశారు, కానీ "ప్రభూ, మాకు మేమే అన్యాయం చేసుకున్నాం" అన్నారు. ఇబ్లీసు మాత్రం "నువ్వే నన్ను దారి తప్పించావు" అన్నాడు. ఆ ఉస్తాద్ మాకు ఈ కథ కూడా చెప్పాడు. కళ్లకు కట్టినట్టు చెప్పాడు.

బనీ ఇస్రాయీల్ (ఇస్రాయీల్ సంతతి) కథలకూ ఇదే గతి పడుతోంది. ఆవును బలివ్వమంటే సాకులు వెతకడం, దూడను పూజించడం, ఇవన్నీ మనం చేసే పనులేమో చూసుకోమని వచ్చిన కథలు. క్లాసులో అవి "యూదులు ఇలాంటివాళ్లు" దగ్గర ఆగిపోతాయి. "వాళ్లందరూ ఒకేలాంటివాళ్లు కారు" అని ఆల్ ఇమ్రాన్ సూరాలో ఉన్న ముక్క దాకా పాఠం వెళ్లదు. అక్కడి నుంచి పక్క మసీదు వాళ్ల దగ్గరికి, పక్కింటి వాళ్ల దగ్గరికి పెద్ద దూరం లేదు.

రంగం మీద కనబడేది ఎవరు

ఇంకో ఇబ్బంది ఉంది. ప్రవక్తల వేషం కట్టకూడదు, బొమ్మ గీయకూడదు. ఆ నియమం నాకు సమ్మతమే. కానీ దాని వల్ల ఏమవుతుందో చూడండి. రెండేళ్ల కిందట పిల్లల జల్సాలో (మత వేడుకలో) మూసా, ఫిరౌన్ కథనే నాటికగా వేశారు. మూసా (అ) రంగం మీదికి రారు కదా, ఆయన మాటలు ఒక పిల్ల పక్కన నిలబడి "మూసా ఇలా అన్నారు" అని చదివింది. ఫిరౌన్ మాత్రం అట్ట కిరీటం, మెరుపు బట్టలు, పెద్ద కుర్చీతో గంటసేపు కనిపించాడు. "నేనే మీ అందరికంటే గొప్ప ప్రభువును" అని ఆ పిల్లాడు అరిచినప్పుడు హాలంతా చప్పట్లు. వారం రోజులు పిల్లలు మెట్ల మీద అదే డైలాగు. కార్టూన్లలో కూడా అంతే, మంచివాళ్ల చోట వెలుగు, చెడ్డవాడికి ముఖం, గొంతు, గుర్రం. తెలుగువాళ్లకు దుర్యోధనుడి డైలాగులు ఎలా నోటికొస్తాయో మనకు తెలుసు.

దీనికి నా దగ్గర పూర్తి పరిష్కారం లేదు. ఫిరౌన్ భార్య ఆసియాను పక్కన పెట్టకుండా ఉంటే కొంత నయం అనిపిస్తుంది. తహ్రీమ్ సూరా చివర్లో నాలుగు ఉదాహరణలు వరసగా వస్తాయి. నూహ్ భార్య, లూత్ భార్య: ప్రవక్తల ఇళ్లలో ఉండి చెడ్డవాళ్లు. ఆ వెంటనే ఫిరౌన్ భార్య: అందరికంటే చెడ్డ ఇంట్లో ఉండి మంచి మనిషి. ఆ తర్వాత మర్యమ్. మంచి ఇల్లు కాపాడదు, చెడ్డ ఇల్లు అడ్డం రాదు అని పిల్లలకు ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. "మీరు మంచి ముస్లిం కుటుంబం పిల్లలు" అని రోజూ వినే పిల్లలకు మరీ ముఖ్యం. డబ్బు గర్వంతో భూమిలో కూరుకుపోయిన ఖారూన్ కూడా పరాయివాడు కాదు, మూసా జాతివాడే.

నాన్నా పులి

నన్ను బాగా తడబెట్టిన వాదన వేరే చోట నుంచి వచ్చింది. 2014లో కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన కాంగ్ లీ, ఆయన తోటి పరిశోధకులు ఒక పని చేశారు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల పిల్లల్ని గదిలో పెట్టి, వెనక ఉన్న బొమ్మను తొంగి చూడొద్దని చెప్పి బయటికెళ్లారు. చాలామంది చూశారు. తిరిగొచ్చి ఒక్కొక్కరికి ఒక కథ చదివి, చూశావా అని అడిగారు. అబద్ధం ఆడితే ముక్కు పెరిగే పినోకియో కథ, మనం నాన్నా పులి అని చెప్పుకునే కథ విన్న పిల్లలు, అబద్ధం ఊసే లేని కుందేలు-తాబేలు కథ విన్నవాళ్ల కంటే ఎక్కువగా నిజం చెప్పలేదు. చెర్రీ చెట్టు నరికానని తండ్రి దగ్గర ఒప్పుకుని మెప్పు పొందిన జార్జ్ వాషింగ్టన్ కథ విన్నవాళ్లు మాత్రం ఎక్కువగా నిజం చెప్పారు. అదే కథను, అబద్ధమాడి శిక్ష పడినట్టు మార్చి చెబితే ఆ ఫలితం పోయింది.

దీన్ని చదివి రెండు రోజులు ఆలోచించాను. చెడ్డవాడికి శిక్ష పడిన కథ పిల్లల్ని మార్చదంటే, ఫిరౌన్ మునిగాడు, ఖారూన్‌ను భూమి మింగింది అని మనం చెప్పేదంతా వృథానా? నా వాదనే తేలిపోయిందనిపించింది. తర్వాత ఖుర్ఆన్ తీసి ఆ కథలు మళ్లీ చూస్తే, మనం చెప్పే పద్ధతికీ అక్కడున్న పద్ధతికీ తేడా కనబడింది. మనం శిక్ష దాకా పరుగెత్తుతాం. సముద్రం, మునగడం, చివరికి మమ్మీ ఫోటో. మధ్యలో ఫిరౌన్ పిలిపించిన మాంత్రికులు ఉన్నారు. పొద్దున డబ్బు కోసం వచ్చినవాళ్లు, ఆ రోజే మూసా చెప్పిన దేవుణ్ని నమ్మి సజ్దాలో పడి, కాళ్లూ చేతులూ నరికిస్తానంటే కూడా వెనక్కి పోనివాళ్లు. తొంగిచూసి దొరికిపోయిన పిల్లకు పనికొచ్చే మనుషులు వాళ్లు. మా అమ్మాయి పాఠంలో వాళ్లకు ఒక్క వాక్యం ఉంది.

అన్యాయాన్ని అన్యాయం అనొద్దా

ఆపా అడిగిన గట్టి ప్రశ్న ఇది. "ప్రతిదీ మన మీదే వేసుకుంటే, నిజంగా జులుం చేసేవాణ్ని పిల్లలు గుర్తుపట్టేది ఎట్లా? రేపు మీ అమ్మాయిని ఎవరైనా ఏడిపిస్తే, నాలోనే ఏదో తప్పుందని కూర్చుంటుంది." ఆడపిల్లల తల్లిగా ఈ మాటను నేను తేలిగ్గా తీసేయలేను. ఆ వెనక బెంచీ అబ్బాయి చేసింది తప్పే. జడ లాగితే టీచర్‌కు చెప్పాలి, నాకు చెప్పాలి, గట్టిగా వద్దనాలి. ఆ సంగతి దానితో విడిగా మాట్లాడాను, టీచర్‌తోనూ మాట్లాడాను.

కానీ పనిని తప్పనడం ఒకటి, మనిషికి ఫిరౌన్ అని పేరు పెట్టడం ఇంకొకటి. ఫిరౌన్ అంటే కథ ముగిసినవాడు, తౌబా (పశ్చాత్తాపం) తలుపు మూసుకుపోయినవాడు. 1981 అక్టోబరు 6న కైరోలో ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదాత్‌ను కాల్చినవాడు "ఫిరౌన్‌ను చంపాను" అని అరిచాడని చెబుతారు. సాదాత్ పాలన గురించి ఎవరు ఏమైనా అనొచ్చు. ఆ పేరు పెట్టాక ఆ మనిషితో చేయడానికి ఇంకేమీ మిగలలేదని మాత్రం కనిపిస్తుంది. అసలు ఫిరౌన్ దగ్గరికే మూసా, ఆయన సోదరుడు హారూన్‌లను పంపుతూ "అతనితో మెత్తగా మాట్లాడండి, బహుశా ఆలోచిస్తాడేమో" అన్న మాట తాహా సూరాలో ఉంది. ఒక అబ్బాసీ ఖలీఫాను ఎవరో పరుషంగా మందలిస్తే, "నీకంటే మంచివాణ్ని నాకంటే చెడ్డవాడి దగ్గరికి పంపుతూ మెత్తగా మాట్లాడమన్నాడు అల్లాహ్" అని ఆయన జవాబిచ్చాడట.

ప్రవక్త ఎవరి తప్పయినా ఎత్తి చూపాల్సి వస్తే "కొందరికి ఏమైంది, ఇలా చేస్తున్నారు" అనేవారు, పేరు చెప్పేవారు కాదు. తాగి పదేపదే శిక్ష పడిన ఒకతన్ని ఎవరో శపిస్తే, శపించొద్దు, అతను అల్లాహ్‌నూ ఆయన ప్రవక్తనూ ప్రేమిస్తాడు అన్నారు. ఉహుద్ యుద్ధంలో ముస్లిముల మీదికి గుర్రాలు తోలిన ఖాలిద్ తర్వాత ఏమయ్యారో, అబూజహల్ కొడుకు ఇక్రమా ఏమయ్యారో, ఇద్దరూ ఎలా ఇస్లాంలోకి వచ్చారో పిల్లలకు మనమే చెబుతాం. ఉహుద్ రోజున ఎవరైనా ఐదో ప్రశ్న ఇచ్చి ఉంటే ఖాలిద్ పేరే రాసేవాళ్లు.

పెన్సిలు

ఇదంతా చెప్పాక, నా పద్ధతిలోనూ ప్రమాదం ఉందని ఒప్పుకోవాలి. మాట్లాడితే అబద్ధం, మాటిస్తే తప్పడం, నమ్మి ఇస్తే మోసం, ఇవి కపటి గుర్తులన్న హదీసు నేను ఎనిమిదో ఏట విన్నాను. అప్పటికి స్నేహితురాలి పెన్సిలు తిరిగిస్తానని ఇవ్వకుండా నా దగ్గరే ఉంచుకున్నాను. మూడు రాత్రులు నిద్ర లేదు. నేను నరకంలో అట్టడుగున ఉంటానని ఖాయం చేసుకున్నాను. నమ్మకంలో కపటం వేరు, పనిలో కపటం వేరు అని పండితులు విడదీశారన్న సంగతి ఆ వయసులో నాకు ఎవరూ చెప్పలేదు. భయపడే స్వభావమున్న పిల్లకు "నీలో ఫిరౌన్ ఉన్నాడా చూసుకో" అంటే ఆ పిల్ల నలిగిపోతుంది. మా రెండోది అలాంటిదే.

అందుకే ఈ మధ్య ఇంట్లో నేను ముందు చెప్పే చెడ్డవాళ్ల కథ ఖలమ్ సూరాలో తోట యజమానులది. ఫలసాయం కోసేటప్పుడు పేదవాళ్లు వస్తారని, చీకటితోనే వెళ్లి కోసేద్దామనుకున్న వాళ్లు. పరిగె ఏరుకోవడం అంటే ఏంటో పిల్లలకు ముందు చెప్పాలి, పట్నంలో పెరిగినవాళ్లు కదా. కోత అయ్యాక చేలో రాలిన కంకులు లేనివాళ్లు ఏరుకునేవాళ్లనీ, మా జేజి కూడా ఏరుకుందనీ చెప్పాను. గుసగుసలాడుకుంటూ తోటకు వెళ్తారు. తోట మాడిపోయి ఉంటుంది. దారి తప్పామేమో అనుకుంటారు. వాళ్లలో నిదానస్థుడు "నేను చెప్పలేదా" అంటాడు. ఒకరినొకరు తిట్టుకుంటారు, తప్పు ఒప్పుకుంటారు, మా ప్రభువు ఇంతకంటే మంచిది ఇస్తాడేమో అని ఆశపడతారు. చిన్నది ఆ చివరి దగ్గర "అయితే వాళ్లు మంచివాళ్లయిపోయారా" అని మూడుసార్లు అడిగింది. తమ్ముణ్ని బావిలో పడేసిన యూసుఫ్ (అ) అన్నల కథకూ ఇలాగే అడిగింది.

మొన్న ఆదివారం ఆపాతో ఒక గంట కూర్చున్నాను. ఆవిడ అన్నిటికీ ఒప్పుకోలేదు. కథ తమ చుట్టూ ఉన్న లోకానికి అతకకపోతే పిల్లలు దాన్ని పాతకాలం ముచ్చటగా వదిలేస్తారన్నది ఆవిడ అనుభవం, అందులో నిజముంది. కానీ పేర్లు రాయించడం ఆపేస్తానంది. ఈ వారం పాఠం ఖారూన్. ఐదో ప్రశ్న మారింది: "ఈ కథలో ఎవరైనా చేసిన పని నువ్వూ ఎప్పుడైనా చేశావా?"

మా అమ్మాయి నాలుగు జవాబులు గబగబా రాసేసి ఐదో దాని దగ్గర చాలాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. "ఇది ఆపాకి చూపించాలా" అని అడిగింది. దానికి టిక్కు పెడతారా, మార్కులు వేస్తారా, ఆ సంగతి నేను ఆపాతో మాట్లాడనే లేదు. అవసరం లేదులే అన్నాను. "నీకు?" అంది. నాకు కూడా అక్కర్లేదన్నాను. నోటుబుక్కు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి రాసుకుంది.